నాలుగేళ్లుగా పాలికాటన్ చీరలే కడుతున్నా, గంజి బాధ వదిలింది

గంజి పెట్టే పని తప్పింది. పాలిస్టర్, నూలు కలిపి నేసిన పాలికాటన్ చీరలకు మారాక నాకు దక్కిన అసలు సుఖం ఇదే. శ్రీకాకుళం నుంచి ఆమదాలవలస దాటి ఒక ఊళ్లో బడికి రోజూ బస్సులో వెళ్తాను. నూలు చీరలు కట్టినన్నాళ్లూ ఆదివారం అంతా గంజి కాచడం, వడగట్టడం, చీర ముంచి ఆరేయడం, రెండు చివరలూ పట్టి లాగడానికి మా ఆయన్ని పిలవడం, దీనికే సరిపోయేది. ఇంతా చేస్తే సోమవారం బస్సు దిగేసరికి కుచ్చిళ్లు నలిగిపోయి ఉండేవి.

పూర్తిగా నమ్మకం కుదిరింది మాత్రం ఒక ఏడాది పైడితల్లి అమ్మవారి జాతరలో జరిగే సిరిమానోత్సవానికి. విజయనగరంలో మా పెద్దమ్మ ఇంటికి వెళ్లాం. పూజారి కూర్చునే పొడవాటి మాను, అదే సిరిమాను, గుడికీ కోటకీ మధ్య మూడోసారి తిరగకముందే వాన పట్టుకుంది, ఆ జనంలో పక్కకి జరిగే వీల్లేక తడిసి ముద్దయ్యాం. ఇంటి నిండా చుట్టాలు, వరండాలో ఒకే తీగ. చీర గట్టిగా పిండి తలుపు మీద వేసి ఫ్యాను తిప్పాను. తెల్లారి చూస్తే ఫాల్ ఉన్న అంచు తప్ప అంతా ఆరిపోయింది, పక్కనే మా అక్క నూలు చీర చెమ్మగానే ఉంది. పాలిస్టర్ తన బరువులో అర శాతం తేమ కూడా పీల్చదు, నూలు 7, 8 శాతం దాకా పట్టి ఉంచుతుంది. నా చీరలో 65 పాళ్లు పాలిస్టర్, 35 పాళ్లు నూలు అని షాపతను చెప్పాడు. మర్నాడు అదే కట్టుకుని ఊరొచ్చేశాను.

ఇస్త్రీ అక్కర్లేదని స్టాఫ్ రూమ్‌లో అందరికీ చెప్పేదాన్ని. కుచ్చిళ్లు పొందిగ్గా నిలవాలంటే కాస్త వెచ్చటి ఇస్త్రీ కావాలని తర్వాత తెలిసింది. ఒక పెళ్లికని నా ఆకుపచ్చ చీర వీధి చివర బొగ్గుల ఇస్త్రీ బండి దగ్గర ఇచ్చాను, మిక్స్ గుడ్డ అని చెప్పలేదు. సాయంత్రం వెళ్లేసరికి పైట మీద అరచేయంత మేర నిగనిగలాడుతోంది, ముట్టుకుంటే అప్పడంలా గట్టిగా ఉంది, పోగులు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. "నూలు చీరనుకున్నానమ్మా, ఏటి సేస్తాను" అని అతను ఎంత బాధపడ్డాడో. తప్పు నాదే. నూలు ఓర్చుకునే వేడికి పాలిస్టర్ మెత్తబడిపోతుంది, బొగ్గుల పెట్టెకేమో వేడి తగ్గించే మీట ఉండదు. అప్పటి నుంచి ఇంట్లోనే, తక్కువ వేడిలో, తిరగేసి చేసుకుంటున్నాను.

బ్యాగు పట్టీ రాసుకునే భుజం దగ్గర చిన్న చిన్న ఉండలు కడుతున్నాయి. నూలైతే అవి రాలిపోతాయి, ఇందులో పాలిస్టర్ పోగు గట్టిది కనుక పట్టుకుని వేలాడతాయి. మే నెల ఉక్కలో చెమట వాసన కూడా వదలదు, అందుకే జాకెట్లు మాత్రం అచ్చమైన నూలుతోనే కుట్టించుకుంటున్నాను. పొయ్యి దగ్గరికి ఈ చీరతో అసలు వెళ్లను, నిప్పంటుకుంటే కరిగి ఒంటికి అతుక్కుంటుంది.

రోజూ బస్సులో తిరిగి, సాయంత్రం తానే ఉతుక్కునే నాలాంటి వాళ్లకి ఇవి సరిపోతాయి. మా అత్తగారు ఇంటి పట్టునే ఉంటారు, నూలు తప్ప కట్టరు, ఆవిణ్ణి మార్చమని నేను అడగను. నా బీరువాలోనూ ఒక పొందూరు ఖద్దరు చీర ఉంది, జనవరి 26కి అదే. ఈసారి కొనేటప్పుడు నూలు పాలు ఎక్కువ ఉన్నది అడిగి చూస్తాను, ఆరడానికి ఇంకో రెండు గంటలు పట్టినా పర్వాలేదు.