బోరు నీళ్లు కాగబెట్టి తాపాలా, క్యాన్ కొనాలా? పిల్లలకు ఏది మేలు?

ఎండలు ముదిరితే చాలు, బడి గేటు దగ్గర తల్లులు నన్ను ఆపి అడిగే మాట ఒకటే. “మేడమ్, బోరు నీళ్లు బాగా కాగబెట్టి తాపితే సాలదా? క్యాన్ కొనాల్నా?” ఈ ఏడాది ఎంతమంది అడిగారో లెక్కే లేదు. నేను పాఠాలు చెప్పేది అనంతపురం జిల్లా కళ్యాణదుర్గం వైపు ఒక పల్లెలో. గేటు దగ్గర రెండు ముక్కల్లో తేలే మాట కాదు కాబట్టి నాకు తెలిసింది ఇక్కడ రాస్తున్నాను.

కాగబెడితే క్రిములు చస్తాయి. బేదులు, టైఫాయిడ్, కామెర్ల భయం తగ్గుతుంది. నీళ్లు తెర్లి ఒక్క నిమిషం మరిగితే చాలు. కానీ మన బోరు నీళ్లలో అసలు గొడవ క్రిములతో కాదు, ఫ్లోరైడుతో. అది నీళ్లలో కరిగి ఉండే లవణం. మంటకు చావదు, ఆవిరితో పోదు. లీటరుకు 2 మిల్లీగ్రాముల ఫ్లోరైడు ఉన్న నీళ్లు ఐదు లీటర్లు పొయ్యి మీద పెట్టి, మరిగి మరిగి నాలుగు లీటర్లయ్యాయనుకోండి. ఇప్పుడది లీటరుకు 2.5 అవుతుంది. ఎంత ఎక్కువసేపు కాగబెడితే అంత మంచిదనుకునే తల్లి తెలియకుండానే ఫ్లోరైడును చిక్కబరుస్తోంది. తాగే నీళ్లలో అది లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదని, వేరే దిక్కు లేనప్పుడు 1.5 వరకు సర్దుకోవచ్చని మన దేశ ప్రమాణం.

మన నేల అడుగున ఉన్నది గ్రానైట్ జాతి రాయి. ఏడాదికి పడేది సుమారు 550 మిల్లీమీటర్ల వాన. నీళ్లు అందక బోర్లు లోతుకు దించేకొద్దీ, రాతి సందుల్లో ఏళ్ల తరబడి నానిన నీళ్లు పైకి వస్తున్నాయి. రాతిలోని ఫ్లోరైడు వాటితోనే వస్తోంది.

ఈ విషయం నాకు ఆలస్యంగా తెలిసింది. ఏడేళ్ల కిందట మూడో తరగతిలో ఒక పాప నవ్వినప్పుడల్లా అరచేత్తో నోరు మూసుకునేది. ఒకరోజు చెయ్యి తీయించి చూస్తే పై ముందుపళ్ల మీద సున్నం పూసినట్టు తెల్లటి మచ్చలు, వాటి మధ్య అడ్డంగా గోధుమరంగు గీతలు. ఎడమ పన్ను మీద ఎలా ఉన్నాయో కుడి పన్ను మీదా అలాగే. సరిగ్గా తోముకోవడం లేదని ఆ పాపను అందరి ముందూ మందలించాను. అది తోమితే పోయే గార కాదు. పాలపళ్లు నోట్లో ఉండగానే చిగుళ్ల లోపల శాశ్వత దంతాలు తయారవుతుంటాయి. ఎనిమిదేళ్లలోపు ఒంట్లోకి ఎక్కువగా పోయిన ఫ్లోరైడు ఆ దంతాల మీద అచ్చు పడిపోతుంది. ముందుపళ్ల సంగతైతే మొదటి మూడు నాలుగేళ్లలోనే తేలిపోతుంది. ఆ పాపకు నేను చెప్పాల్సిన క్షమాపణ ఇంకా నా దగ్గరే ఉండిపోయింది.

ఇక క్యాన్. ప్లాంటులో ఆర్వో మిషను సరిగ్గా పనిచేస్తుంటే ఫ్లోరైడు చాలావరకు పోతుంది. ఆ లెక్కన కాగబెట్టిన బోరు నీళ్ల కంటే క్యాన్ నీళ్లే మేలు, అనుమానం లేదు. కానీ సరిగ్గా పనిచేస్తోందని ఎలా తెలుస్తుంది? ప్లాంటువాళ్లు పెన్నులాంటి మీటరు ముంచి టీడీఎస్ ఇంతే చూడండి అంటారు. అది నీళ్లలో కరిగిన లవణాలన్నిటినీ కలిపి చెప్పే లెక్క, అందులో ఫ్లోరైడు ఎంతో విడిగా చెప్పదు. పైగా క్యాన్ శుభ్రత. పోయినేడు మా ఇంటికి వచ్చిన ఒక క్యాన్ ఖాళీ అయ్యాక వెలుతురుకు పట్టి చూస్తే అడుగు మూలల్లో పచ్చగా పాకుడు. వేలు పెడితే జర్రున జారింది. అప్పటికి వారం నుంచి మా చిన్నోడికి కడుపు బాగాలేదు. నీళ్ల వల్లేనని రుజువు చేయలేను గానీ, ఆ ప్లాంటు మానేశాను. ఆర్వో నీళ్లలో సత్తువ ఉండదనే మాట కూడా వింటుంటాను. పిల్లలకు కావలసిన కాల్షియం పాలలో, పెరుగులో, రాగుల్లో ఉంది. దానికోసం బోరు నీళ్లు తాపనక్కర్లేదు.

క్యాన్ కొనే ఇళ్లలో కూడా అందరూ మరిచిపోయేది వంట నీళ్లు. నా మట్టుకు నాకు ఇక్కడే అంతా తేలుతుంది. తాగడానికి క్యాన్, వండడానికి బోరు. మా ఇంట్లో కూడా మొన్న సంక్రాంతి వరకు ఇదే పద్ధతి. ఒకరోజు చెంబుతో కొలిచి చూశాను. పొద్దున రాగి జావ, మధ్యాహ్నం అన్నం, పప్పు, చారు, రాత్రి సంగటి, మధ్యలో టీ. నలుగురికి కలిపి ఐదు లీటర్లకు దగ్గరగా వచ్చింది. అంటే పిల్లవాడు తాగే నీళ్లు కాకుండా లీటరు దాకా తిండిలో పోతోంది. కుక్కర్లు వచ్చాక గంజి వార్చడం కూడా పోయింది, పోసిన నీళ్లన్నీ అన్నంలోనే ఇంకుతున్నాయి. సంగటి సంగతి చెప్పనే అక్కర్లేదు. వంద గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది, అది ఫ్లోరైడు ఒంటికి పట్టడాన్ని కొంత అడ్డుకుంటుంది కూడా. అంత మంచి తిండిని ఆ బోరు నీళ్లతోనే ఉడికించి పెడుతున్నాం. కాబట్టి క్యాన్ కొనే స్తోమత ఉంటే పిల్లల వంటకు కూడా అవే నీళ్లు వాడండి. బియ్యం, కూరగాయలు కడగడానికి బోరు నీళ్లు చాలు. వంటకు బోరు నీళ్లు మానేశాక మా ఇంట్లో పప్పు కూడా రెండు విజిల్స్ ముందే ఉడుకుతోంది.

ఈ రెండింటికంటే నాకు నచ్చేది కొళాయి. 1995-96లో సత్యసాయి నీటి పథకం మన జిల్లాలో ఏడు వందల పైచిలుకు పల్లెలకు తాగునీళ్లు ఇచ్చింది. మీ ఊరి కొళాయిలో వచ్చేవి నది నుంచో, రిజర్వాయరు నుంచో అయితే ఫ్లోరైడు భయం చాలా తక్కువ. అవి కాగబెట్టి, మూత ఉన్న బిందెలో పోసి, గరిటెతో ముంచి ఇవ్వండి. కాగబెట్టడానికి అర్థం ఉండేది ఈ నీళ్ల దగ్గరే. కర్నూలు టౌనులో ఉండే మా అక్క తుంగభద్ర నీళ్లు వచ్చే కొళాయి ఇంట్లో పెట్టుకుని క్యాన్ కొంటుంటే వద్దని చెప్పి మాన్పించాను. ఒక్క జాగ్రత్త. కొన్ని ఊళ్లలో కొళాయి ఉంటుంది గానీ ట్యాంకులోకి ఎక్కించేది ఊరి బోరు నీళ్లే. ముందు అది కనుక్కోండి.

ఇంట్లో ఆర్వో పెట్టుకుంటే క్యాన్ శుభ్రత బాధ ఉండదు, కానీ చాలా నీళ్లు బయటికి పోతాయి, ఫిల్టర్లు వేళకు మార్చాలి. క్యాండిల్ ఫిల్టరు, యూవీ ఫిల్టరు, రాగి బిందె ఫ్లోరైడును తీయవు.

ఆరు నెలల్లోపు బిడ్డకు ఈ నీళ్లేవీ వద్దు. మే నెల ఎండలో కూడా తల్లిపాలు చాలు, పాలలో ఎక్కువ భాగం నీళ్లే. డబ్బాపాలు తప్పని బిడ్డకు మాత్రం బోరు నీళ్లతో కలపొద్దు. కాస్త పెద్ద పిల్లలు పేస్టు తీపిగా ఉందని మింగుతారు, అందులోనూ ఫ్లోరైడే. మూడేళ్లు దాటితే బఠానీ గింజంత, అంతకంటే చిన్నవాళ్లకు బియ్యపు గింజంత చాలు.

మీ ఇంటికి ఏది మేలో తేల్చేది పరీక్షే. గ్రామీణ నీటి సరఫరా విభాగం ల్యాబులో ఫ్లోరైడు చూస్తారు. నీళ్లు గాజు సీసాలో వద్దు, ప్లాస్టిక్ సీసాలో పట్టండి. అవే నీళ్లతో మూడుసార్లు తొలిచి నింపండి. మా బోరు 2.6 చూపించింది, కొళాయి 0.7. ఆ కాగితం చూశాకే మా ఇంట్లో తాగడం, వంట రెండూ కొళాయి నీళ్లకు మారాయి.

మొన్న గేటు దగ్గర అడిగిన ఆయమ్మ సోమవారం పాప చేత రెండు సీసాలు పంపింది. ఒకదాని మీద బోరు, ఇంకోదాని మీద కొళాయి అని పాపే రాసింది. బుధవారం అనంతపురం పోతున్నాను, ల్యాబులో ఇచ్చి వస్తాను.