విజయనగరం కుర్రాడికి ఏది మేలు: వైజాగా, హైదరాబాదా, బెంగళూరా?

మా మేనల్లుడు బీటెక్ సీఎస్ఈ అయిపోగానే బ్యాగు సర్దేసుకున్నాడు. ఏ రైలెక్కాలో మాత్రం తేల్చుకోలేకపోయాడు. వాళ్లమ్మది ఒకటే మాట: "వైజాగ్‌లో దొరకదేటిరా? అంత దూరం ఎల్లాలా?" ఇద్దరు స్నేహితులు హైదరాబాద్ రమ్మంటున్నారు, ఒకడు బెంగళూరు రమ్మంటున్నాడు. మధ్యలో టెన్షన్ నాకు.

ముందు వైజాగ్ సంగతి. విజయనగరం నుంచి 60 కిలోమీటర్లే, ఇంటి నుంచే తిరగొచ్చు అంటారు. ఆ లెక్క సగమే నిజం. ఐటీ ఆఫీసులు ఎక్కువగా ఉన్న మధురవాడ, రుషికొండ మన వైపే ఉన్నాయి కాబట్టి అక్కడైతే కష్టపడి రోజూ వెళ్లి రావచ్చు. పరవాడ ఫార్మా సిటీ, అచ్యుతాపురం సెజ్ నగరానికి అవతలి పక్క. అక్కడ ఉద్యోగమొస్తే గది తీసుకోవాల్సిందే. అంటే ఊరు దగ్గరే, ఖర్చు మాత్రం దూరం ఊరిదే.

గూగుల్ డేటా సెంటర్ ఉంది కదా అని వాడు అడిగాడు. 2025 అక్టోబరులో ప్రకటించారు, అయిదేళ్లలో 1,500 కోట్ల డాలర్ల పెట్టుబడి అన్నారు. నిజమే. కానీ డేటా సెంటర్ కట్టేటప్పుడు కావాల్సినంత మంది, నడిపేటప్పుడు అక్కర్లేదు. ఇన్ఫోసిస్ 2023లోనే వచ్చింది, టీసీఎస్‌కూ స్థలం ఇచ్చారు. నాలుగైదేళ్ల అనుభవంతో ఇంటివైపు తిరిగొచ్చేవాడికి ఇవన్నీ మంచి కబుర్లే. చేతిలో పట్టా తప్ప ఏమీ లేనివాడు ఈ వార్తలు చూసి ఇంట్లో కూర్చుంటే ఏడాది గడిచిపోతుంది.

అదే వాడు కెమిస్ట్రీ చదివి ఉంటే నా జవాబు వేరు. బీఎస్సీ కెమిస్ట్రీ, బీఫార్మసీ, డిప్లొమా వాళ్లు హైదరాబాద్ వైపు చూసే ముందు వైజాగ్ చుట్టుపక్కలే ప్రయత్నించాలి. ఎవరూ లెక్కలోకి తీసుకోని పైడిభీమవరం ఉంది. శ్రీకాకుళం జిల్లా రణస్థలం మండలంలో, హైవే పక్కనే మందుల కంపెనీలు. శ్రీకాకుళం వాళ్లకీ, మనకీ కూడా అందుబాటులోనే ఉంటుంది. ఒక్క మాట: 2024 ఆగస్టులో అచ్యుతాపురం ఫార్మా ప్రమాదంలో 17 మంది చనిపోయారు. జీతం ఎంతని అడిగినట్టే భద్రత శిక్షణ ఎన్నాళ్లు ఇస్తారో కూడా అడగాలి. అడిగితే ఉద్యోగం ఇవ్వరేమోనని మనవాళ్లు మొహమాటపడతారు.

ఇక హైదరాబాద్. సాఫ్ట్‌వేర్ ఫ్రెషర్‌కి నేను చెప్పేది ఇదే. 1998లో సైబర్ టవర్స్ మొదలైనప్పటి నుంచి అక్కడ పెద్ద కంపెనీల చుట్టూ చిన్నవి, వాటి చుట్టూ ఇంకా చిన్నవి పెరిగాయి. ఒకచోట కాదంటే మరోచోటికి వెళ్లొచ్చు. అమీర్‌పేటలో కోర్సు, ఆ పక్కనే హాస్టల్లో మంచం, ఇంటర్వ్యూ ఉంటే మెట్రోలో రాయదుర్గం దాకా ఒకే బండి. భోజనం హాస్టల్లోనే. నల్లులు కూడా ఉంటాయి, అవి ఉచితం. మన యాస విని నవ్వేవాళ్లుంటారు. పది రోజులకి అలవాటైపోతుంది, వాళ్లకి.

అక్కడ నిజమైన ప్రమాదం వేరే. నేను వెతికే రోజుల్లో నా రూమ్మేట్ ఓ కన్సల్టెన్సీకి "బ్యాక్‌డోర్" ఉద్యోగం, అంటే డబ్బిచ్చి దొడ్డిదారిన తెచ్చుకునే ఉద్యోగం కోసం అప్పు తెచ్చి మరీ కట్టాడు. మూడు నెలలు ఫోన్లు చేశాడు, తర్వాత ఆ ఆఫీసుకే తాళం. ఉద్యోగం ఇవ్వడానికి డబ్బులడిగారంటే అక్కడి నుంచి లేచి వచ్చేయడమే.

బెంగళూరులో జీతాలు బాగుంటాయి, కాదనను. కానీ ఇల్లు తీసుకుంటే నెలల అద్దె అడ్వాన్సుగా అడుగుతారు. భాష వేరు. ఇంటికి రావాలంటే రైల్లో దాదాపు రోజంతా పడుతుంది. తొలి ఇంటర్వ్యూలు ఇప్పుడు ఎలాగూ ఆన్‌లైన్‌లోనే పెడుతున్నారు. ఆఫర్ లెటర్ చేతికొచ్చాక వెళ్లొచ్చు. వెతుక్కోవడానికి మాత్రం వద్దు. మెకానికల్ డిప్లొమా వాళ్లయితే బెంగళూరు కన్నా ఫ్యాక్టరీలున్న చెన్నై దగ్గర శ్రీపెరంబుదూరు, ఒరగడం, మన శ్రీసిటీ చూసుకోవడం నయం.

చివరికి వాడు హైదరాబాద్‌కే టికెట్ తీశాడు. నాలుగు నెలల ఖర్చుకి డబ్బు విడిగా పెట్టించాను. ఆ నాలుగు నెలల్లో వైజాగ్ కంపెనీలకి కూడా దరఖాస్తులు పెడుతూ ఉండాలన్నది షరతు. వాళ్లమ్మ మాత్రం అప్పుడే మా ఊరి పైడితల్లమ్మ జాతరలో జరిగే సిరిమాను గురించి మొదలెట్టింది. ఆ సంబరం మంగళవారం వస్తుంది కాబట్టి వాడు సోమ, మంగళవారాలు సెలవు పెట్టాలి. రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుస్తారని వాడికి నేను గుర్తుచేయాలట.