వీడియో కోర్సులతో ప్రోగ్రామింగ్: ఏళ్లుగా వాడాక నా మాట

అనంతపురంలో కూర్చుని, కోచింగ్ కోసం బెంగళూరు పోకుండా, వీడియోలతోనే కోడింగ్ వస్తుందా అంటే వస్తుంది. అయితే సారు చెప్పే తీరు చూసి మురిసిపోయి కోర్సులో చేరొద్దు. మనం రాసిన కోడ్‌ను దిద్దే ఏర్పాటు ఉందో లేదో ముందు చూసుకోండి.

ఆ లెక్కన నా మొదటి ఓటు హార్వర్డ్ యూనివర్సిటీ వాళ్ల కంప్యూటర్ సైన్స్ తొలి పాఠాల కోర్సు సీఎస్50కి. ఉచితమే. దిమ్మెలు అతికించి ప్రోగ్రామ్ చేసే స్క్రాచ్‌తో మొదలై, సీ భాషలో వారాల తరబడి నలిగాకే పైథాన్ దగ్గరికి వస్తారు. చెక్50 కమాండ్ కొడితే ఏ ఇన్‌పుట్‌కు ప్రోగ్రామ్ తప్పిందో చెప్పేస్తుంది. పాయింటర్లు (మెమరీలోని చిరునామాలు) వచ్చే వారం మాత్రం గట్టిది, దానికి రెండు వారాలు పెట్టుకున్నా తప్పులేదు. కోడ్ రాసే ఎడిటర్ బ్రౌజర్‌లోనే ఉంటుంది కాబట్టి నెట్ పోతే పని ఆగినట్టే.

ఎన్‌పీటీఈఎల్ అనే ఆన్‌లైన్ కోర్సుల సైట్‌లో ఐఐటీ సార్ల పాఠాలు కాస్త పొడిపొడిగా ఉంటాయి, 1.25 వేగంలో పెట్టుకుంటే సరి. సర్టిఫికెట్ కావాలంటే ఫీజు కట్టి సెంటర్‌కు పోయి పరీక్ష రాయాలి. చాలా కోర్సుల్లో అసైన్‌మెంట్లకు 25, పరీక్షకు 75 మార్కులు. వారం వారం గడువులు దాటించుకుంటే ఆ 25 చేజారుతుంది.

ఇక యూట్యూబ్‌లో పది, పన్నెండు గంటల వీడియోలు. చూస్తున్నంతసేపూ అంతా తెలిసినట్టే ఉంటుంది, ఖాళీ ఫైల్ తెరిస్తే వేళ్లు కదలవు. పది నిమిషాలు చూసి, ఆపి, చూడకుండా రాయండి. ఉదాహరణకు పైథాన్‌లో రెండు అంకెలు కూడే ప్రోగ్రామ్‌కు 5, 3 ఇస్తే 53 అని వస్తుంది. ఎందుకంటే ఇన్‌పుట్ ఫంక్షన్ ఏది తెచ్చినా స్ట్రింగ్‌గానే, అంటే అక్షరాలుగానే తెస్తుంది, ఇంట్‌తో అంకెగా మార్చాకే 8 వస్తుంది. సారు స్క్రీన్ చూసి దించుకునేవాళ్లకు ఈ 53 ఎప్పటికీ కనపడదు, అసలు పాఠం దాంట్లోనే ఉంది.

ప్రింట్ పక్కన బ్రాకెట్లు లేకుండా రాస్తుంటే అది పైథాన్ 2 కాలం వీడియో, మూసేయండి. దానికి 2020లోనే మంగళం పాడేశారు.

విండోస్‌లో పైథాన్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు మొదటి తెర అడుగున 'పాత్' అని ఉండే గడిలో టిక్ పెట్టండి. మరిచిపోతే కమాండ్ ప్రాంప్ట్‌లో పైథాన్ అని కొట్టినా పలకదు, లేదంటే మైక్రోసాఫ్ట్ స్టోర్ తెరుచుకుంటుంది. 4 జీబీ ర్యామ్ ల్యాప్‌టాప్‌లో క్రోమ్, వీఎస్ కోడ్ ఎడిటర్ రెండూ నడిపితే మౌస్ కూడా మొరాయిస్తుంది. వీడియోను ముందే ఫోన్‌లో దించుకుని అక్కడే చూడండి. ల్యాప్‌టాప్‌లో థోనీ అనే చిన్న పైథాన్ ఎడిటర్ ఒక్కటే తెరవండి, మొదటి మూడు నెలలకు అది ధారాళంగా సరిపోతుంది.