గాఫ్ మాట జాలా, హెచ్చరికా?

బరంపురంలో మా తెలుగు బ్యాచ్ ‘బ్లేడ్ రన్నర్’ సినిమా (అచ్చం మనుషుల్లా ఉండే కృత్రిమ మనుషుల్ని, అంటే రెప్లికెంట్లను, డెకార్డ్ వేటాడే కథ) గురించి మాట్లాడితే, చివర్లో గాఫ్ అనే పోలీసు, డెకార్డ్ ప్రేమించిన రెప్లికెంట్ రేచల్ గురించి అరిచి చెప్పే మాట దగ్గర రెండు జట్లయిపోతుంది: ఆమె బతకదు పాపం, అయినా ఎవరు మాత్రం బతుకుతారు?

పర్లాకిమిడి నుంచి వచ్చే అన్నయ్యలు అది జాలేనంటారు. ఎలాగూ నాలుగేళ్లే ఆయుష్షు కదా అని గాఫ్ రేచల్‌ను వదిలేశాడు, అంతే. 1982లో థియేటర్లలో ఆడిన వెర్షన్‌లో నేపథ్యంలో వినిపించే డెకార్డ్ గొంతే ఈ సంగతి చెప్పేస్తుంది కాబట్టి వాళ్ల వాదన గట్టిదే.

కానీ నేను రెండో జట్టు. 1992 డైరెక్టర్స్ కట్‌లో (మళ్లీ ఎడిట్ చేసిన వెర్షన్) ఆ గొంతు తీసేసి, డెకార్డ్‌కు ఒంటికొమ్ము గుర్రం కల పెట్టారు, ఆఖర్లో గాఫ్ వదిలిన కాగితం బొమ్మ కూడా అదే గుర్రం, డెకార్డ్ అది చేతిలోకి తీసుకున్నప్పుడే ఆ మాట మళ్లీ వినిపిస్తుంది, అంటే నీ కల కూడా నాకు తెలుసు, నువ్వూ రెప్లికెంట్‌వేనని హెచ్చరిస్తున్నట్టే కదా! దర్శకుడు రిడ్లీ స్కాట్ కూడా డెకార్డ్ రెప్లికెంటే అన్నాడు. డెకార్డ్‌గా నటించిన హారిసన్ ఫోర్డ్ అప్పట్లో మనిషన్నాడనుకోండి, అయినా నా ఓటు దర్శకుడికే. అన్నయ్యలూ, ముందు 1992 వెర్షన్ చూసి రండి, అప్పుడు మాట్లాడదాం.