ఆగమంటే ఆగే చిప్: ఆర్‌సీఏ 1802 మీద కట్టిన కంప్యూటర్, చాలాకాలం వాడాక

ఆర్‌సీఏ కంపెనీ చేసిన 1802 మైక్రోప్రాసెసర్ గురించి మొదట అడగాల్సింది ఎంత వేగంగా నడుస్తుందని కాదు, ఎంత నెమ్మదిగా నడపగలమని. దీని క్లాక్‌ని, అంటే చిప్‌ని అడుగడుగునా నడిపే పల్స్‌లని, పూర్తిగా ఆపేయొచ్చు. రిజిస్టర్లలో, అంటే చిప్ లోపలి చిన్న నిల్వ గదుల్లో, ఉన్నదంతా అలాగే ఉంటుంది. గంట తర్వాత మళ్లీ క్లాక్ ఇస్తే ఆగిన చోటు నుంచే సాగుతుంది. ఆ కాలపు 6502, 8080 చిప్‌లలో క్లాక్ మరీ నెమ్మదిస్తే లోపలి విలువలు చెరిగిపోయేవి. సొంతంగా బోర్డు కట్టుకునేవాళ్లకు ఈ ఒక్క గుణం ఎంత మేలు చేస్తుందో, వైరింగ్‌లో తప్పు వెతకాల్సి వచ్చిన రోజున తెలుస్తుంది. క్లాక్‌ని బటన్‌తో ఒక్కొక్కటిగా ఇస్తూ, మల్టీమీటర్‌తో ఏ పిన్ మీద ఏముందో తాపీగా చూసుకోవచ్చు.

జోసెఫ్ వైస్‌బెకర్ రూపకల్పన ఇది. 1975లో రెండు చిప్‌ల జతగా 1801 వచ్చింది, 1976లో అదే ఒక్క చిప్‌గా 1802 అయింది. అదే ఏడాది ఆగస్టులో ‘పాపులర్ ఎలక్ట్రానిక్స్’ పత్రిక 256 బైట్ల మెమరీతో ‘ఎల్ఫ్’ అనే చిన్న కంప్యూటర్‌ని ప్రచురించింది. నేటికీ హాబీ బోర్డులన్నిటికీ మూలం అదే. బృహస్పతి దగ్గరికి వెళ్లిన గెలీలియో నౌకలో ఈ చిప్ ఉంది. వాయేజర్‌లోనూ ఉందని చాలాచోట్ల రాస్తారు, అది నిజం కాదు.

ఈ సమీక్ష ఏ కిట్ గురించీ కాదు. విడి భాగాలతో కట్టిన మామూలు బోర్డు గురించి: సీడీపీ1802ఏసీఈ, 32 కిలోబైట్ల 62256 ర్యామ్, 28సీ256 ఈఈప్రామ్, అడ్రస్ పై సగాన్ని పట్టి ఉంచడానికి ఒక 74హెచ్‌సీ373 లాచ్, ముందు ప్యానెల్‌లో ఎనిమిది స్విచ్‌లు, ఎనిమిది ఎల్ఈడీలు, ఒక సీరియల్ లైన్.

కట్టేటప్పుడు ఎక్కువమంది తడబడేది అడ్రస్ లాచ్ దగ్గరే. చిప్‌కి అడ్రస్ పిన్‌లు ఎనిమిదే. 16 బిట్‌ల అడ్రస్‌లో పై బైట్ ముందు వస్తుంది, చిప్ తానే ఇచ్చే టీపీఏ అనే టైమింగ్ పల్స్ కింద పడే అంచున దాన్ని పట్టుకోవాలి, ఆ తర్వాత అవే పిన్‌ల మీద కింది బైట్ వస్తుంది. 373 అయితే 11వ పిన్‌కి టీపీఏని నేరుగా కలిపి, 1వ పిన్‌ని గ్రౌండ్ చేస్తే చాలు. చేతిలో 574 ఉంది కదా అని అదే పెడితే, అది పైకి లేచే అంచున పట్టుకుంటుంది. అప్పటికి పై బైట్ ఇంకా కుదురుకోకపోవచ్చు. బోర్డు ఒకసారి పనిచేసి ఒకసారి పనిచేయకుండా సతాయిస్తుంది. 574నే వాడాలంటే టీపీఏని ఇన్వర్టర్ గుండా పంపాలి. లాచ్ నుంచి వచ్చే ఏ15, అంటే అడ్రస్‌లో అన్నిటికంటే పై బిట్, సున్నాగా ఉంటే ర్యామ్, ఒకటిగా ఉంటే ఈఈప్రామ్. ఇంతకు మించిన డీకోడింగ్ అక్కర్లేదు.

రెండో చిక్కు, గాలిలో వదిలేసిన ఇన్‌పుట్‌లు. ఇది సీమాస్ చిప్. వాడని పిన్ దానంతట అది ఒకవైపు నిలబడదు. 21 నుంచి 24 వరకు ఉన్న, బయటి సంకేతాలు చదివే నాలుగు ఈఎఫ్ పిన్‌లు, 36వ పిన్ ఇంటరప్ట్, 37, 38 పిన్‌ల డీఎంఏ (ప్రోగ్రాం ప్రమేయం లేకుండా మెమరీతో నేరుగా బైట్లు మార్చుకునే దారి), 2, 3 పిన్‌ల వెయిట్, క్లియర్, వీటన్నిటికీ 5 వోల్టులకు 22 కిలోఓమ్‌ల పుల్-అప్, అంటే పిన్‌ని పైకి లాగి ఉంచే రెసిస్టర్, పెట్టాలి. డీఎంఏ పిన్ తేలుతూ ఉంటే ఏమవుతుందో ప్రత్యేకంగా చెప్పాలి. రీసెట్ తర్వాత ప్రోగ్రాం కౌంటర్‌గా (తర్వాతి ఇన్‌స్ట్రక్షన్ ఎక్కడుందో చూపేదిగా) పనిచేసేది ఆర్0 అనే రిజిస్టర్, డీఎంఏ వాడుకునేదీ ఆర్0నే. అనుకోని డీఎంఏ ఒక్కటి పడినా కౌంటర్ ముందుకు జరిగి, ప్రోగ్రాం మధ్యలో బైట్లు మింగినట్టు ప్రవర్తిస్తుంది. చెయ్యి బోర్డు దగ్గరికి తెస్తే ప్రవర్తన మారుతుందంటే దాదాపు ఎప్పుడూ కారణం ఇదే. డేటా లైన్లకు కూడా పుల్-అప్ ఉంటే మంచిది.

వోల్టేజ్ విషయంలో చిప్ పట్టుదల గలది. 5 వోల్టుల దగ్గర ‘ఒకటి’ అని నమ్మాలంటే దానికి 3.5 వోల్టులు కావాలి. ఎల్ఎస్ రకం చిప్‌ల అవుట్‌పుట్ అంతవరకు ఎక్కుతుందన్న భరోసా లేదు, అందుకే అన్నీ హెచ్‌సీ రకమే తీసుకోండి. 3.3 వోల్టుల యూఎస్‌బీ సీరియల్ అడాప్టర్‌ని ఈఎఫ్ పిన్‌కి నేరుగా కలిపేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు. కొన్ని అక్షరాలు సరిగా వస్తాయి, కొన్ని చెత్తగా వస్తాయి, తప్పంతా ప్రోగ్రాంలో ఉందనిపిస్తుంది. 5 వోల్టుల అడాప్టర్ తీసుకోండి, లేదా మధ్యలో ఒక హెచ్‌సీటీ గేట్ పెట్టండి. 16, 40 పిన్‌లు రెండిటికీ 5 వోల్టులు ఇవ్వాలి. 40, 20 పిన్‌ల మధ్య 100 నానోఫారడ్ కెపాసిటర్ చిప్‌ని ఆనుకునే ఉండాలి.

క్రిస్టల్ ఎంపికలో నా సలహా సూటిగా ఒక్కటే: 2.4576 మెగాహెర్ట్జ్. ఏసీఈ రకానికి 5 వోల్టుల దగ్గర గరిష్ఠ పరిమితి 3.2 మెగాహెర్ట్జ్. 4 మీద నడిపేవాళ్లు చాలామంది ఉన్నారు, చాలా చిప్‌లు నడుస్తాయి కూడా. కానీ 2.4576 తీసుకోవడానికి కారణం పరిమితి మాత్రమే కాదు. 1802లో ఒక మెషిన్ సైకిల్‌కి 8 క్లాక్‌లు, ఎక్కువ ఇన్‌స్ట్రక్షన్‌లకు రెండు సైకిళ్లు, అంటే 16 క్లాక్‌లు. 9600 బాడ్ దగ్గర ఒక బిట్ వ్యవధి సరిగ్గా 256 క్లాక్‌లు, సరిగ్గా 16 ఇన్‌స్ట్రక్షన్‌లు. శేషం లేదు. సీరియల్ చిప్ లేకుండా, ప్రోగ్రాం ఒకటిగానో సున్నాగానో మార్చగలిగే క్యూ అనే అవుట్‌పుట్ పిన్‌తో పంపి, ఈఎఫ్3తో అందుకునే పద్ధతికి ఇంతకంటే హాయైన లెక్క దొరకదు. క్రిస్టల్‌ని 1, 39 పిన్‌ల మధ్య పెట్టి, సమాంతరంగా 10 మెగాఓమ్‌లు, రెండువైపులా గ్రౌండ్‌కి 22 పీకోఫారడ్‌లు పెట్టాలి. బ్రెడ్‌బోర్డు మీద కొన్నిసార్లు ఆసిలేటర్ మొదలవదు. అప్పుడు రెడీమేడ్ ఆసిలేటర్ అవుట్‌పుట్‌ని 1వ పిన్‌కి ఇచ్చి, 39ని వదిలేయండి.

సీరియల్‌లో ఇంకొక మెలిక. రీసెట్ అయ్యాక క్యూ సున్నా. కానీ సీరియల్ లైన్ ఖాళీగా ఉన్నప్పుడు ఒకటి మీద ఉండాలి. కాబట్టి క్యూ తర్వాత ఇన్వర్టర్ పెట్టాలి, లేదా మానిటర్ ప్రోగ్రాం (టెర్మినల్ నుంచి వచ్చే ఆదేశాలు అందుకునే చిన్న ప్రోగ్రాం) మొదట్లోనే క్యూని ఒకటి చేయాలి. మీ మానిటర్ ఏది ఆశిస్తోందో చూసుకుని దాని ప్రకారం వైరింగ్ చేయండి. అలాగే ఈఎఫ్ పిన్ గ్రౌండ్‌లో ఉంటేనే ఆ ఫ్లాగ్ ‘ఒకటి’. బీ3 అనే బ్రాంచ్ పిన్ కింద ఉన్నప్పుడు దూకుతుంది. ఒక పొడవాటి ఫైల్‌ని టెర్మినల్ నుంచి అతికిస్తే అక్షరాలు రాలిపోతాయి, ఎందుకంటే చిప్ వరుసను విడమరిచి మెమరీలో పెడుతున్నంతసేపూ లైన్ వైపు చూడదు. టెర్మినల్ సెట్టింగ్‌లలో ప్రతి వరుస చివర కొంత విరామం పెట్టడమే మందు.

ఇక ముందు ప్యానెల్. 1802 ప్రత్యేకత పూర్తిగా బయటపడేది ఇక్కడే. క్లియర్, వెయిట్ రెండూ కింద ఉంటే లోడ్. క్లియర్ కింద, వెయిట్ పైన ఉంటే రీసెట్. క్లియర్ పైన, వెయిట్ కింద ఉంటే విరామం. రెండూ పైన ఉంటే రన్. లోడ్‌లో ఉన్నప్పుడు డీఎంఏ-ఇన్‌ని ఒకసారి కిందికి లాగితే స్విచ్‌ల మీదున్న బైట్ ఆర్0 చూపే చోట పడి, ఆర్0 ఒకటి పెరుగుతుంది. ఈఈప్రామ్‌లో ఒక్క బైట్ లేకుండా, వేరే కంప్యూటర్ సాయం లేకుండా, ఖాళీ బోర్డులోకి ప్రోగ్రాం ఎక్కించవచ్చు. బటన్‌ని నేరుగా డీఎంఏ పిన్‌కి కలపకండి. ఒక్క నొక్కుడుకి అదే బైట్ వేల చోట్ల పడుతుంది. బటన్ ఒక 74హెచ్‌సీ74 ఫ్లిప్‌ఫ్లాప్‌ని సెట్ చేయాలి, డీఎంఏ జరిగిందని చెప్పే ఎస్‌సీ1 సంకేతం దాన్ని క్లియర్ చేయాలి. ఒక్క నొక్కుడు చాలా నొక్కుళ్లుగా కనిపించకుండా బటన్‌కి రెసిస్టర్-కెపాసిటర్ జత, 74హెచ్‌సీ14 తప్పనిసరి. మెమరీలో రాయించే ఎండబ్ల్యూఆర్ లైన్‌లో ఒక రక్షణ స్విచ్ కూడా పెట్టుకోండి. ప్రోగ్రాం దారితప్పి తన మీద తానే రాసుకునే రోజు తప్పకుండా వస్తుంది.

మొదటి పరీక్షకు హెక్స్‌లో (పదహారు అంకెల లెక్కలో) రాసిన ఈ పదమూడు బైట్లు చాలు, 0000 నుంచి: 7ఏ, ఎఫ్8, 40, బీ1, 21, 91, 3ఏ, 04, 31, 00, 7బీ, 30, 01. క్యూని ఆర్పి, ఆర్1 పై బైట్‌లో 40 పెట్టి, అది సున్నా అయ్యేవరకు తగ్గించి, క్యూని తిరగేస్తుంది. లూప్‌లో మూడు ఇన్‌స్ట్రక్షన్‌లు, 48 క్లాక్‌లు, 16,384 సార్లు. 2.4576 మెగాహెర్ట్జ్ దగ్గర క్యూ ఎల్ఈడీ 0.32 సెకను వెలిగి, 0.32 సెకను ఆరాలి. అసలు వెలగకపోతే క్లాక్‌ని బటన్‌కి మార్చి, టీపీఏ ప్రతి 8 క్లాక్‌లకు ఒకసారి వస్తోందో లేదో చూడండి. అది వస్తే చిప్ బతికే ఉంది, తప్పు మెమరీ వైపు ఉంది.

ప్రోగ్రాం రాయడం మొదట్లో వింతగా ఉంటుంది. 16 బిట్‌ల రిజిస్టర్లు పదహారు ఉన్నాయి, కానీ ఏది ప్రోగ్రాం కౌంటర్, ఏది డేటా పాయింటర్ అన్నది పీ, ఎక్స్ అనే నాలుగు బిట్‌ల విలువలు చెబుతాయి. కాల్ అనే ఇన్‌స్ట్రక్షన్ లేదు. సెప్ అనే ఒక్క బైట్ కౌంటర్‌గా పనిచేసే రిజిస్టర్‌నే మార్చేస్తుంది. చిన్న సబ్‌రొటీన్‌కి దీనికంటే వేగమైన దారి లేదు. కానీ తిరిగి వచ్చే సెప్, సబ్‌రొటీన్ మొదటి బైట్‌కి సరిగ్గా ముందు ఉండాలి. రొటీన్ చివర ఆ సెప్ దగ్గరికి బ్రాంచ్ చేస్తే, తిరిగి వెళ్లేటప్పుడు దాని రిజిస్టర్ మళ్లీ మొదటి బైట్‌నే చూపిస్తూ మిగులుతుంది. సెప్‌ని అలవాటుగా చివర్న పెడితే మొదటి పిలుపు సరిగా పనిచేసి, రెండో పిలుపు ఎక్కడికో పోతుంది.

ఒకదానిలో ఒకటిగా పిలిచే రొటీన్‌లకు ఆర్4, ఆర్5, ఆర్6లతో ఆర్‌సీఏ చెప్పిన ప్రామాణిక పద్ధతి ఉంది. బాగుంది, కానీ ఖరీదైనది. పిలుపుకి 16, తిరుగు ప్రయాణానికి 13 ఇన్‌స్ట్రక్షన్‌లు, కలిపి 464 క్లాక్‌లు, మన క్రిస్టల్‌తో దాదాపు 190 మైక్రోసెకన్లు. పైగా లెక్కలన్నీ జరిగే డీ రిజిస్టర్‌లో ఉన్నది పోతుంది, కాబట్టి విలువను వేరే రిజిస్టర్‌లో దాచి పంపాలి. లోపలి లూప్‌లలో సెప్, పై స్థాయిలో ప్రామాణిక పద్ధతి, ఈ విభజన మొదటిరోజు నుంచే పాటిస్తే తర్వాత తిరగరాయక్కర్లేదు.

ఇన్‌పుట్, అవుట్‌పుట్‌లో ఎంఆర్‌డీ (మెమరీని చదివించే సంకేతం) పేరు చూసి మోసపోవద్దు. అవుట్‌పుట్ ఇన్‌స్ట్రక్షన్‌లో మెమరీయే బైట్‌ని డేటా లైన్ల మీద పెడుతుంది, కాబట్టి అప్పుడు ఎంఆర్‌డీ కింద ఉంటుంది. ఇన్‌పుట్‌లో పైన ఉంటుంది. పోర్ట్ లాచ్‌కి ఏ పోర్టో చెప్పే ఎన్ లైన్, కిందున్న ఎంఆర్‌డీ, టీపీబీ అనే రెండో టైమింగ్ పల్స్ మూడూ కలవాలి. అవుట్‌పుట్ తర్వాత ఎక్స్ చూపే రిజిస్టర్ ఒకటి పెరుగుతుంది, ఇన్‌పుట్ తర్వాత పెరగదు. స్టాక్ మీద నుంచి పంపితే ఆ వెంటనే రిజిస్టర్‌ని ఒకటి తగ్గించే డీఈసీ ఉండాలి. చిన్న బ్రాంచ్‌లు 256 బైట్ల పేజీ దాటలేవు. ప్రోగ్రాం మధ్యలో రెండు బైట్లు చేర్చగానే కింద ఉన్న లూప్ పేజీ అంచు దాటి విరిగిపోవడం మామూలే. దీన్ని పట్టుకునే అసెంబ్లర్‌ని వాడండి. ఎమ్మా 02 ఎమ్యులేటర్‌లో ముందు నడిపి చూసుకోవడం కూడా మంచిదే. సీ భాషలో రాయాలంటే ఎల్‌సీసీ1802 కంపైలర్ ఉంది.

బొమ్మల కోసం 1861 వీడియో చిప్ వెంట పడొద్దని చెబుతాను. తెర మీద 64 అడ్డం, 128 నిలువు చుక్కలే. క్లాక్ 1.76 మెగాహెర్ట్జ్‌కి కట్టుబడాలి. ప్రతి ఫ్రేమ్‌లో 262 గీతలకు 128 గీతలు బొమ్మ గీయడానికే పోతాయి, అంటే చిప్ సమయంలో దాదాపు సగం. బొమ్మ నడుస్తున్నంతసేపు మూడు సైకిళ్ల లాంగ్ బ్రాంచ్‌లు వాడితే తెర వణుకుతుంది. చిప్-8 అనే పాత భాషలో రాసిన ఆటలు అసలు యంత్రం మీదే ఆడాలన్న కోరిక బలంగా ఉంటే తప్ప సీరియల్ టెర్మినలే మేలు. హెక్స్ అంకెలు చూపే టీఐఎల్311 డిస్‌ప్లేలు చూడటానికి అందంగా ఉంటాయి, కానీ ఒక్కొక్కటి దాదాపు 100 మిల్లీ ఆంపియర్లు తాగుతుంది. 2.2 కిలోఓమ్‌లతో ఎనిమిది ఎల్ఈడీలు ఆ పని చల్లగా చేస్తాయి.

వాడకంలో ముందుగా అరిగేవి స్విచ్‌లు, సాకెట్‌లు. చవక రకం సాకెట్‌లో చిప్‌ని నాలుగుసార్లు తీసి పెడితే పట్టు వదులుతుంది, కాబట్టి 40 పిన్‌ల దానికి మాత్రం గుండ్రని రంధ్రాల మెషిన్డ్ రకం పెట్టండి. పాత చిప్ కొనేటప్పుడు ముద్ర చూడండి. ఆర్‌సీఏ సెమీకండక్టర్ విభాగం 1988లో హారిస్ కంపెనీ చేతికి వెళ్లింది. 1990ల మధ్య తేదీతో ఆర్‌సీఏ గుర్తు కనిపిస్తే పైన ముద్ర మళ్లీ వేశారేమో అనుమానించాలి. 5 మెగాహెర్ట్జ్ బీసీఈ అని రాసి ఉన్నది నిజంగా ఆ వేగంలో నడుస్తుందో లేదో క్యూ పరీక్షతో తేల్చుకోండి.

అదే సాకెట్‌లో 1802 తర్వాతి రూపమైన 1805 కూడా కూర్చుంటుంది. దాని 16వ పిన్ లోపలి 64 బైట్ల ర్యామ్‌ని ఎంచుకునేది. మన బోర్డులో ఆ పిన్ 5 వోల్టులకు ఉంటుంది కాబట్టి ఆ ర్యామ్ పక్కకు తప్పుకుని ఉంటుంది, వైరింగ్ మార్చక్కర్లేదు. 68తో మొదలయ్యే అదనపు ఇన్‌స్ట్రక్షన్‌లలో పిలుపు, తిరుగు ప్రయాణం రెండూ ఉన్నాయి, రిజిస్టర్‌ని ఒకేసారి నింపేదీ ఉంది. ప్రోగ్రాంలు కురచబడతాయి. అయితే వాటిని వాడి రాసిన ప్రోగ్రాం 1802 మీద నడవదు, ఇతరులతో పంచుకోవాలనుకున్నవి మాత్రం పాత ఇన్‌స్ట్రక్షన్‌లతోనే రాయండి.