థర్మోస్టాట్ ఆన్‌లైన్‌లో కొంటున్నారా? బిగించే ముందు ఒకసారి మరిగించి చూడండి

మా పెట్రోలు కారులో వేడిని చూపే ముల్లు లేదు. ఇంజన్ చల్లగా ఉన్నంతసేపు నీలి దీపం, మితిమీరి వేడెక్కితే ఎర్ర దీపం వెలుగుతాయి, అంతే. గత శీతాకాలంలో విజయవాడలో ఉదయం పూట బండి తీస్తే పది కిలోమీటర్లు తిరిగినా నీలి దీపం ఆరేది కాదు, మైలేజీ కూడా పడిపోయింది. థర్మోస్టాట్ అంటే ఇంజన్ వేడెక్కేదాకా మూసుకుని ఉండి, ఆ తరవాత తెరుచుకుని, ఇంజన్‌ను చల్లబరిచే ద్రవాన్ని (కూలెంట్) రేడియేటర్‌కు వదిలే చిన్న కవాటం. మా బండిలో అది మూసుకోకుండా తెరిచే ఉండిపోయిందని తేలింది. తెలిసిన మెకానిక్ ఒకరు "తీసి పారేయండి సార్, మన ఎండలకు అదెందుకు" అన్నారు. చాలామంది ఇచ్చే సలహాయే ఇది, కానీ తప్పు సలహా. అది లేకపోతే ఇంజన్ తగినంత వేడెక్కక పెట్రోలు ఎక్కువ తాగుతుంది, ఆయిల్ త్వరగా చెడుతుంది.

రెండు బోల్టుల పనే కదా అని ఒక ఆన్‌లైన్ అమ్మకందారు దగ్గర, షాపు ధరలో సగానికే దొరికిన థర్మోస్టాట్‌ను తెప్పించాను. పెట్టెపై కంపెనీ గుర్తు, మెరిసే హోలోగ్రామ్ ఉండటంతో నమ్మేశాను. అయితే ప్యాకెట్ సరుకుపై చట్టప్రకారం ఉండవలసిన గరిష్ఠ చిల్లర ధర, తయారైన నెల, తయారీదారు చిరునామా దానిపై లేవన్న సంగతి అప్పుడు నా కంటికి ఆనలేదు. పాత థర్మోస్టాట్ అంచుపై అది ఎన్ని డిగ్రీల వద్ద తెరుచుకోవడం మొదలవుతుందో చెప్పే 82 అనే అంకె లోతుగా చెక్కి ఉంటే, కొత్తదానిపై ఏ అంకే లేదు.

ఇంజన్ పూర్తిగా చల్లారాక కూలెంట్ వంపి, గాలి పోయే చిన్న పిన్ను పైకి వచ్చేలా థర్మోస్టాట్‌ను కూర్చోబెట్టి, కొత్త రబ్బరు రింగు వేసి బిగించాను. కూలెంట్ నింపి, గాలి బుడగలు ఆగేదాకా ఇంజన్‌ను నడిపాను. ఊళ్లో చిన్న చిన్న ప్రయాణాలకు ఇబ్బంది రాలేదు. నాలుగో రోజున హైదరాబాదు బయలుదేరితే సూర్యాపేట ఇంకా రాకముందే ఎర్ర దీపం వెలిగింది. వెంటనే పక్కకు ఆపి ఇంజన్ కట్టేశాను. బానెట్ ఎత్తి చూస్తే కూలెంట్ డబ్బాలో కుతకుత ఉడుకుతోంది, రేడియేటర్ పై గొట్టం దగ్గర చేయి పెట్టలేనంత సెగ ఉంది, కింది గొట్టం మాత్రం దాదాపు చల్లగానే ఉంది. వేడి నీరు రేడియేటర్ గుండా తిరగడం లేదన్నమాట. రేడియేటర్ మూత జోలికి మాత్రం పోలేదు. ఆ వేడిలో మూత తిప్పితే ఒత్తిడి మీదున్న నీరు ముఖం మీదికి చిమ్ముతుంది. ఇంజన్ పై భాగానికీ కింది దిమ్మకీ మధ్య ఉండే సీలు, అంటే హెడ్ గాస్కెట్, ఆ వేడికి పాడవకుండా దక్కడం నా అదృష్టం.

లోపల గాలి చిక్కుకుని ఉంటుందని మీలో కొందరికి తోచవచ్చు. నేనూ మొదట అలాగే అనుకున్నాను. ఇంటికి చేరాక థర్మోస్టాట్ విప్పి, దారం కట్టి, అడుగుకు తగలకుండా నీళ్ల గిన్నెలో వేలాడదీసి, పక్కన థర్మామీటరు పెట్టి పొయ్యి వెలిగించాను. 82 డిగ్రీలకు కదలిక లేదు, 90కీ లేదు. నీళ్లు తెర్లుతున్నప్పుడు గోరు మందం సందు ఇచ్చి అక్కడే ఆగిపోయింది. తరవాత అధీకృత షాపులో కొన్నదాన్ని అదే గిన్నెలో పెడితే 82 దాటగానే మెల్లగా కదలడం మొదలై, నీళ్లు మరిగేసరికి చిటికెన వేలు దూరేంతగా తెరుచుకుంది. (ఆ గిన్నెను మా ఇంట్లో మళ్లీ వంటకు వాడలేదు. వాడి తీసిన థర్మోస్టాట్‌కు అంటుకునే కూలెంట్‌లోని ఇథిలీన్ గ్లైకాల్ విషం కనుక అది సబబే.)

అమ్మకందారు మాత్రం "మీరే బిగించుకున్నారు, బిగించిన వస్తువు వాపసు తీసుకోము" అన్నాడు. బిల్లు తీసి చూస్తే అందులో థర్మోస్టాట్ అన్న మాట గానీ పార్టు నంబరు గానీ లేవు, "కారు యాక్సెసరీ" అని మాత్రమే ఉంది. నేను ఇరుక్కున్నది అక్కడే. లోపమున్న వస్తువును, నకిలీ వస్తువును వెనక్కి తీసుకోనని అమ్మకందారు అనడానికి వీల్లేదని 2020 నాటి ఇ-కామర్స్ వినియోగదారుల రక్షణ నియమాలు చెబుతున్నాయి. కానీ ఆ నియమం అక్కరకు రావాలంటే అమ్మినది ఫలానా వస్తువేనని మనం చూపగలగాలి. అందుకే పార్శిల్ విప్పేటప్పుడే వీడియో తీయండి, బిల్లుపై పార్టు నంబరు లేకపోతే బిగించకముందే వాపసు పెట్టండి, గిన్నెలో పరీక్షించేటప్పుడు థర్మామీటరు అంకె కూడా కనబడేలా చిత్రీకరించండి. నేను 1915కు ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేయించాను. ఆ థర్మోస్టాట్‌నూ పెట్టెనూ పారేయకుండా ఒక కవరులో వేసి బీరువాలో ఉంచాను.