ఎన్ స్కేలా, హెచ్‌ఓ స్కేలా: మన దుమ్ములో ఏది నడుస్తుంది?

ఆదివారం సాయంత్రం నల్లగొండలో మా మేడ మీది గదిలో నలుగురైదుగురు మిత్రులం కూర్చున్నామంటే, చాయ్ గ్లాసులు ఖాళీ అయ్యేలోపు ఆ ప్రశ్న రాక మానదు. నమూనా రైళ్ల సరదా ఈమధ్యే పట్టుకున్న మిర్యాలగూడ తమ్ముడు అడుగుతాడు, లేకపోతే అతడు వెంటబెట్టుకొచ్చిన మరో కొత్త మనిషి అడుగుతాడు: "అన్నా, ఎన్ తీసుకోవాల్నా, హెచ్‌ఓ తీసుకోవాల్నా?" అసలు రైలును ఎన్నోవంతుకు తగ్గించి చేశామో చెప్పేదే స్కేలు; హెచ్‌ఓ అంటే 87వ వంతు, ఎన్ అంటే 160వ వంతు. ఆరేళ్లపాటు ఎన్ స్కేలు లేఅవుటు, అంటే పట్టాలు పరిచిన బల్ల, నడిపి, మొన్నటి సంక్రాంతికి దానిని విప్పేసి హెచ్‌ఓకు మారినవాణ్ని కనుక, ఆ ప్రశ్న ఇప్పుడు అందరి నోటా నా మీదికే వస్తున్నది. ప్రతిసారీ సగం చెప్పి మిగతా సగం కబుర్లలో కొట్టుకుపోవడం కన్నా, ఒకసారి కుదురుగా రాసిపెట్టడం మేలనిపించింది.

ఎన్ వైపు మొగ్గేవారందరూ చెప్పే కారణం చోటు. ఆ లెక్కలో తప్పేమీ లేదు. ఎక్స్‌ప్రెస్ బండ్లకు ఇప్పుడు తగిలించే కొత్తరకం ఎల్‌హెచ్‌బీ బోగీ పొడవు సుమారు 24 మీటర్లు. దానిని 87తో భాగిస్తే హెచ్‌ఓలో 27 సెంటీమీటర్లు దాటుతుంది, 160తో భాగిస్తే ఎన్‌లో సరిగ్గా 15 సెంటీమీటర్లు వస్తుంది. మన నల్లగొండ మీదుగా తిరుపతికి పోయే నారాయణాద్రిని అలాంటి బోగీలు ఇరవై తగిలించి చూసుకోవాలనుకుంటే, ఇంజను కలపకుండానే ఎన్‌లో 3 మీటర్లు, హెచ్‌ఓలో అయిదున్నర మీటర్లు కావాలి. పది అడుగుల గదిలో మొదటిది గోడ వెంట ఎలాగోలా నిలబడుతుంది, రెండవది తలుపు దాటి వరండాలోకి పోతుంది.

మలుపుల సంగతి ఇంకా ఇరుకైనది. మలుపు వ్యాసార్థం మన దగ్గరున్న అన్నిటికన్నా పొడవైన బోగీకి కనీసం రెండున్నర రెట్లుండాలని, చూపుకు ఆనాలంటే మూడు రెట్లుండాలని మనలో ఒక మోటు లెక్క వాడుకలో ఉన్నది. ఆ లెక్కన హెచ్‌ఓకు కనీసం 69 సెంటీమీటర్లు, ఎన్‌కు 37న్నర కావాలి. ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు ఉండే ప్లైవుడ్ షీటు మీద అంచులు వదిలితే మనకు దక్కే వ్యాసార్థం 56 సెంటీమీటర్లకు మించదు. అంటే ఆ షీటు మీద హెచ్‌ఓ ఎల్‌హెచ్‌బీ రేకు (బోగీల వరుస) తిరగదు. ఎన్ రేకు మూడు రెట్ల మలుపు తీసుకొని కూడా హాయిగా తిరుగుతుంది. గద్వాల మిత్రుడు ఫోనులో ఈ లెక్క చెప్పి, "ఇంకేం గావాలె సార్?" అని ముగిస్తాడు. ఆరేళ్ల కింద నేను కూడా ఇంతవరకే లెక్క వేసుకొని ఎన్‌లో దిగాను. ఆ లెక్కలో చేరనిది దుమ్ము.

మన వైపు ఇళ్లలో దుమ్ము ఎట్లా ఉంటుందో మనవారికి వేరుగా చెప్పనక్కరలేదు. చెల్కల ఎర్రమట్టి, క్రషర్ల నుంచి కంకర మోసుకుపోయే టిప్పర్లు లేపిన పొడి, ఎప్పటికీ పూర్తికాని రోడ్డు పని, ఇవన్నీ ఉగాది నుంచి మృగశిర దాకా మూసిన కిటికీల సందుల్లోంచి కూడా లోపలికి వస్తాయి. పొద్దున తుడిచిన బల్ల మీద సాయంత్రానికి వేలితో పేరు రాయవచ్చు. బయట 44 డిగ్రీల ఎండ కాస్తున్నప్పుడు మేడ మీది గదిలో ఫ్యాను ఆపి కూర్చునే ఓపిక ఎవరికీ ఉండదు. ఆ ఫ్యానే నేల మీది దుమ్మును లేపి పట్టాల మీదికి చేరుస్తుంది.

స్కేలు చిన్నదైతే ఇంజను చిన్నదవుతుంది, చక్రం చిన్నదవుతుంది, పట్టా చిన్నదవుతుంది. దుమ్ము రేణువు మాత్రం ఉన్నంతే ఉంటుంది. మిల్లీమీటరులో పదోవంతు ఉండే రేణువును పెద్ద రైలు కొలతలోకి పెంచి చూడండి. హెచ్‌ఓ పట్టా మీద అది 9 మిల్లీమీటర్ల గులకరాయి కూడా కాదు, ఎన్ పట్టా మీద 16 మిల్లీమీటర్ల రాయి. దాని మీదుగా పోవలసిన చక్రం ఎంతదో కూడా చూడాలి. అసలు డబ్ల్యూడీఎం-2 డీజిల్ ఇంజను చక్రం 1092 మిల్లీమీటర్లు; హెచ్‌ఓలో అది పన్నెండున్నర మిల్లీమీటర్లుగా మిగులుతుంది, ఎన్‌లో ఏడు కూడా ఉండదు.

బరువు లెక్క ఇంతకన్నా కఠినమైనది. ఒకే ఇంజనును ఒకే తీరున రెండు స్కేళ్లలో చేస్తే, పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ తగ్గుతాయి కనుక, ఎన్ ఇంజను బరువు హెచ్‌ఓ ఇంజను బరువులో ఆరోవంతుకు పడిపోతుంది. కరెంటు పట్టా నుంచి చక్రానికి ఎక్కేది ఈ బరువు ఒత్తిడితోనే. పట్టా మీది దుమ్ము, ఇరుసుల నుంచి కారిన నూనె, చక్రం దగ్గర లేచే చిన్న చిన్న నిప్పురవ్వలు కలిసి నల్లటి జిడ్డుగా పేరుకుంటాయి. బరువైన హెచ్‌ఓ ఇంజను ఆ జిడ్డును నొక్కుకుంటూ పోతుంది, ఎన్ ఇంజను దాని మీద తేలుతుంది. లైటు ఒకసారి మిణుకుమంటుంది, బండి తుళ్లుతుంది, పట్టాలు చీలే పాయింటు నడిమధ్యకు వచ్చేసరికి ఆగిపోతుంది. మనం వేలితో చిన్నగా తోస్తాము. ఆరేళ్లలో నేను అలా ఎన్నిసార్లు తోశానంటే, మా మనుమరాలు ఇంజనును తోయడం కూడా ఈ ఆటలో భాగమే అనుకున్నది.

శుభ్రం చేయడం రెండింటికీ తప్పదు. పాత బనియన్ గుడ్డకు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్ది తుడవడం నా పద్ధతి. కిరసనాయిలు మేలనేవారూ మనలో ఉన్నారు, వారితో నాకు తగవు లేదు. గరుకు కాగితం మాత్రం వద్దు, అది గీసిన గీతల్లోనే మళ్లీ జిడ్డు చేరుతుంది. ప్లాస్టిక్ చక్రాలుంటే మార్చి లోహపు చక్రాలు వేయండి, జిడ్డును ఊరంతా మోసేవి అవే. ఇంత చేసినా, మా గదిలో ఎండాకాలంలో ఎన్ పట్టాలను రెండు రోజులకొకసారి తుడవవలసి వచ్చేది. అదే గదిలో, అదే ఫ్యాను కింద, హెచ్‌ఓకు ఈ ఏడు వారానికొకసారి సరిపోయింది. లేఅవుటు మీద పాత చీర కప్పితే సరిపోదా అని దేవరకొండ మిత్రుడు అడిగాడు. నేను కప్పి చూశాను. నూలు పోగులు ఊడి ఇరుసులకు చుట్టుకున్నాయి, ఒక ఎన్ ఇంజను పళ్లచక్రాల్లోంచి పోగు తీయడానికి సూది, భూతద్దం, సగం ఆదివారం పట్టింది. కప్పేదేదో పోగులు రాలని ప్లాస్టిక్ షీటు అయితే మేలు.

ఇక చోటు సంగతికి మళ్లీ వస్తాను, ఎందుకంటే హెచ్‌ఓకు చోటు లేదని చెప్పే ప్రతివారి మనసులోనూ ఒక గుండ్రటి దారి ఉంటుంది. బండి తిరిగి తిరిగి బయలుదేరిన చోటికే రావాలన్న నియమం పిల్లల బొమ్మ రైలు పెట్టెతో వచ్చినదే తప్ప, మనం చూసిన రైలు ఎక్కడా అలా తిరగలేదు. నేనిప్పుడు గోడ వెంట పన్నెండడుగుల పొడవు, అడుగున్నర వెడల్పున్న బల్ల బిగించుకున్నాను. ఒక మెయిన్ లైను, బండి పక్కకు తప్పుకునే ఒక లూపు, బియ్యం మిల్లుకూ గోదాముకూ రెండు సైడింగులు; ఊరి పేరు పెట్టలేదు కానీ చూసినవారందరూ మిర్యాలగూడ అనే అంటున్నారు. డబ్ల్యూడీఎం-2 హెచ్‌ఓలో 20 సెంటీమీటర్లకు లోపే, పైకప్పు లేని బాక్స్‌ఎన్ గూడ్సు వ్యాగను 12 సెంటీమీటర్ల పైచిలుకు. ఇంజను, అయిదు వ్యాగన్లు కలిపి 81 సెంటీమీటర్లు. 366 సెంటీమీటర్ల బల్ల మీద షంటింగుకు అది చాలినంత చోటు. ఒక వ్యాగను తీసి మిల్లు దగ్గర పెట్టి, ఇంకొకటి తీసుకొని, బ్రేకు వ్యాను మళ్లీ చివరకు చేర్చేసరికి ముప్పావుగంట తెలియకుండా గడిచిపోతుంది.

షంటింగుకు బండి నత్తలా నడవాలి. గుండ్రటి దారిలో వేగంగా పోయే ఎన్ బండి తన ఊపుతోనే జిడ్డు మచ్చను దాటేస్తుంది, అందుకే కొందరికి దుమ్ము బాధ అంతగా తెలియదు. అడుగుకు అరనిమిషం పట్టే నడకలో ఆ ఊపు ఉండదు. పట్టా మీద ఎక్కడ మచ్చ ఉంటే అక్కడ ఇంజను నిలబడిపోతుంది. కనుక తిరిగే బండి కావాలా, వచ్చి ఆగి పని చేసుకుపోయే బండి కావాలా అన్నది ముందు తేల్చుకున్న తరువాతనే స్కేలు మాట ఎత్తాలని నేను అంటాను.

షంటింగుకు హెచ్‌ఓలో మరో సుఖం కూడా ఉన్నది. మన వ్యాగన్లను ఒకదానితో ఒకటి కలిపే సీబీసీ కప్లింగు అమెరికా తరహాదే కనుక, హెచ్‌ఓలో దొరికే అమెరికా కప్లింగు మన గూడ్సు బండికి అతికినట్టుంటుంది. అరవై దాటిన కళ్లకు అది అద్దాలు తుడుచుకుంటే కనబడుతుంది కూడా. ఎన్‌లో అయితే అద్దాలతో పాటు అదృష్టం కావాలి.

శబ్దం గురించి నేను పక్షపాతం లేకుండా రాయలేను. డబ్ల్యూడీఎం-2లో ఉండేది పదహారు సిలిండర్ల ఆల్కో ఇంజను. గేటు దగ్గర నిలబడి దాని తడబడే గుండె చప్పుడు విన్నవారికి నమూనా మూగగా కదిలితే ఏదో వెలితి. పట్టాల గుండా ఇంజనుకు డిజిటల్ ఆదేశాలు పంపే డీసీసీ పద్ధతిలో, ఆల్కో శబ్దం పలికే డీకోడర్లు (ఆ ఆదేశాలను అందుకునే చిన్న సర్క్యూట్లు) విదేశాల్లో దొరుకుతాయి. హెచ్‌ఓ ఇంజను కడుపులో డీకోడరు, స్పీకరు, వాటితో పాటు ఒక కెపాసిటరు కూడా ఇముడుతుంది. పట్టా నుంచి కరెంటు క్షణకాలం తప్పితే ఆ కెపాసిటరు ఇంజనును ఆగనివ్వదు, అంటే దుమ్ముకు అది సగం మందు. చాలా ఎన్ ఇంజన్ల కడుపునిండా మోటారు, బరువు కోసం పెట్టిన లోహమే ఉంటాయి. స్పీకరు పెట్టాలంటే ఆ లోహాన్ని అరగదీయాలి, అరగదీస్తే ఉన్న కాస్త బరువూ పోతుంది.

గేజి, అంటే రెండు పట్టాల మధ్య దూరం, విషయంలో రెండూ ఒకటే. మన బ్రాడ్ గేజి 1676 మిల్లీమీటర్లు కనుక హెచ్‌ఓలో 19 మిల్లీమీటర్ల పైన, ఎన్‌లో పదిన్నర ఉండవలసింది. దొరికే పట్టాలు 16.5, 9 మాత్రమే. రెండింటిలోనూ మన బండి కాస్త ఇరుకు కాళ్లతో నిలబడుతుంది, అలవాటైతే కనబడదు. మహబూబ్‌నగర్ మిత్రుడిది వేరే కోరిక. ద్రోణాచలం లైను మీటర్ గేజిగా ఉన్న రోజుల పాలమూరు స్టేషను చేయాలని ఆయన ఆశ. ఆయనకు హెచ్‌ఓలో టీటీ స్కేలుకు చేసిన 12 మిల్లీమీటర్ల పట్టా, ఎన్‌లో జెడ్ స్కేలుకు చేసిన 6.5 మిల్లీమీటర్ల పట్టా దాదాపుగా సరిపోతాయి. ఏదైనా బండి పైభాగం మాత్రం చేత్తో చేసుకోవలసిందే.

ధర చూసి ఎంచుకోవద్దు. సైజు సగమని ఎన్ ధర సగం ఉండదు. కస్టమ్స్ సుంకం రెండింటికీ పడుతుంది. ఎండకు పట్టాలు సాగడం కూడా రెండింటికీ సమానమే, అతుకుల దగ్గర వెంట్రుక మందం సందు వదలండి. కంకర అతికించేటప్పుడు ఫెవికాల్‌లో బోరు నీళ్లు కలిపితే ఆరాక తెల్లటి పొర తేలుతుంది, ఫిల్టరు నీళ్లు కలపండి.

మిగతా స్కేళ్ల గురించి అడిగేవారు తక్కువ. హెచ్‌ఓ కన్నా కాస్త పెద్దదైన ఓఓ బాగానే నడుస్తుంది కానీ అందులో దొరికేవి ఎక్కువగా ఇంగ్లండు బండ్లు, పైగా మన గేజికి ఇంకా ఇరుకు. టీటీ హెచ్‌ఓకూ ఎన్‌కూ మధ్యేమార్గం, మన దగ్గర సరుకు దొరకడం కష్టం. ఎన్ కన్నా చిన్నదైన జెడ్ స్కేలు మన దుమ్ములో వద్దు, అంతే. డాబా మీద, ఆరుబయట వేసే పెద్ద జీ స్కేలు వేస్తానన్న మిత్రుడికి నేను కోతులను గుర్తుచేశాను.

ఎన్ ఎవరికి తగినదంటే, పొడవాటి బండి గుట్టల మధ్య మలుపు తిరుగుతూ మొత్తంగా కనబడాలని కోరుకునేవారికి. ఆ చూపు హెచ్‌ఓలో మామూలు ఇంట్లో దొరకదు. విష్ణుపురం దాటాక కృష్ణ మీది వంతెన పైన బండి మొదలూ చివరా ఒకేసారి కనబడాలంటే ఎన్ తప్ప దారి లేదు. అయితే దానికి మూసిన గది కావాలి, వీలైతే ఏసీ కావాలి. గద్వాల మిత్రుడికి ఆ రెండూ ఉన్నాయి కనుకనే ఆయన మాటలో అంత ధీమా.

డబ్బు పెట్టేముందు ఒక పని చేసి చూడమని మొన్న అందరికీ చెప్పాను. లేఅవుటు పెట్టదలచిన చోట ఒక చిన్న అద్దం వెల్లకిలా పెట్టి, ఫ్యాను ఎప్పటిలా తిరగనిచ్చి, మూడు రోజులు ముట్టుకోకుండా ఉంచాలి. మిర్యాలగూడ తమ్ముడి అద్దంలో రెండో రోజుకే ముఖం కనబడలేదట. అతడు రెండు హెచ్‌ఓ పాయింట్లకు ఆర్డరు పెట్టాడు. గద్వాల అద్దం నాలుగో రోజుకు కూడా తళతళలాడుతూనే ఉన్నదని ఆయన ఫొటో పంపారు, అద్దం పక్కన తన ఎన్ బండిని నిలబెట్టి మరీ.